బరంపురం నుంచి అండమాన్‌కు: పగడపు దిబ్బల మధ్య డైవింగ్ గురించి కొన్ని సందేహాలు

బరంపురం మాస్టారు

అందరికీ నమస్కారం. వచ్చే ఫిబ్రవరిలో కుటుంబంతో అండమాన్ వెళ్లాలని అనుకుంటున్నాము. నేను, నా భార్య, ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయి, మా అత్తగారు, మొత్తం నలుగురం. స్కూబా డైవింగ్ అనే మాటను ఇంట్లోకి తెచ్చింది మా అమ్మాయి. తరువాత ఆ కోరిక నాకూ పట్టుకుంది. ఒడిశా తీరాన గంజాం జిల్లాలో పుట్టి పెరిగినవాళ్లకు సముద్రం కొత్త కాదు గానీ, మనకు తెలిసినది గోపాలపురం సముద్రం. నోలియా (స్నానానికి తోడు వచ్చే బెస్తవాడు) చెయ్యి పట్టుకుని నాలుగు అలలు తిని ఒడ్డుకు రావడమే తప్ప, అలల కింద ఏముందో మనలో చూసినవాళ్లు తక్కువ.

నా సందేహాలు ఇవి. చిన్నప్పుడు చెరువులో నేర్చుకున్న ఈత నాకు కొద్దిగా వచ్చు, నా భార్యకు అసలు రాదు; ఈత రానివాళ్లు డైవింగ్ చేయవచ్చునని ట్రావెల్ ఏజెంటు చెబుతున్నాడు, అది ఎంతవరకు నిజం? నా భార్యకు చలికాలంలో ఆయాసం వస్తుంది, అప్పుడప్పుడు ఇన్‌హేలర్ వాడుతుంది. ఏజెంటు ఇచ్చిన ప్యాకేజీలో ఐదు రోజుల్లో మూడు దీవులు, చివరి రోజు ఉదయం స్కూబా, మధ్యాహ్నం విమానం అని ఉంది. ఇది సరైన ఏర్పాటేనా? లక్షద్వీప్ ఇంకా బాగుంటుందని కొందరు అంటున్నారు. చివరగా, పిల్లలు క్లాసులో అడిగితే నేను సరిగ్గా చెప్పలేకపోయిన ప్రశ్న ఒకటి ఉంది: అండమాన్ చుట్టూ ఉన్నదీ మన ఒడ్డున ఉన్నదీ ఒకే బంగాళాఖాతం అయినప్పుడు, అక్కడ పగడాలు ఉండి ఇక్కడ ఎందుకు లేవు?

పర్లాకిమిడి వాసి

మాస్టారూ, మీ ఏజెంటు ఇచ్చిన ప్యాకేజీని ముందు పక్కన పెట్టండి. డైవింగ్ చేసిన రోజునే విమానం ఎక్కించే మనిషికి డైవింగ్ గురించి ఏమీ తెలియదని అర్థం. ఆ సంగతి వైద్యులెవరైనా ఇక్కడ వివరిస్తారని ఆశిస్తాను.

నేను స్వరాజ్ ద్వీపంలో, అంటే 2018 వరకు హేవ్‌లాక్ అని పిలిచిన దీవిలో, డైవర్‌గా ధ్రువపత్రం ఇచ్చే ఓపెన్ వాటర్ శిక్షణ పూర్తి చేశాను. అక్కడ పర్యాటకులు చేసే డైవింగ్ రెండు రకాలుగా ఉంటుంది. మొదటిది ఒక పూటలో ముగిసే పరిచయ డైవ్. ఇందులో ఒడ్డున ఒక అరగంట పాఠం చెప్పి, నడుములోతు నీటిలో రెండు మూడు మెళకువలు నేర్పి, ఆ తరువాత శిక్షకుడు వెనుక నుంచి మీ వీపున ఉన్న గాలి సిలిండర్‌ను పట్టుకుని లోపలికి తీసుకెళ్తాడు. పరిచయ డైవ్‌కు 12 మీటర్లు గరిష్ఠ హద్దు, కానీ సాధారణంగా అంతలోతుకు తీసుకుపోరు. దీనికి ఈత రావాలనే నిబంధన లేదు. ఆ మేరకు ఏజెంటు మాట నిజమే. అయితే, ముఖం మీద నీళ్లు పడితేనే ఉలిక్కిపడే మనిషికి, నిబంధన లేదన్న ఒక్క కారణంతో ఆ అనుభవం సుఖంగా ఉండదు. రెండోది మూడు నాలుగు రోజుల ఓపెన్ వాటర్ శిక్షణ. దానికి ఈత తప్పనిసరి: సమయం హద్దు లేకుండా 200 మీటర్లు ఈది, పది నిమిషాలు నీటిపై తేలి చూపించాలి. అది పూర్తిచేసినవారు 18 మీటర్ల వరకు దిగవచ్చు. పదేళ్లు నిండిన పిల్లలకు రెండూ అందుబాటులో ఉన్నాయి కనుక మీ అమ్మాయి వయసుకు అడ్డంకి లేదు.

నీటి కింద జరిగేదంతా పీడనం చుట్టూ తిరుగుతుంది గనుక, మీ వంటి మాస్టారికి ఆ లెక్క చెబితే మిగిలిన నియమాలు వాటంతట అవే బోధపడతాయి. వీపున కట్టే సిలిండర్‌లో ఉండేది చాలామంది అనుకునే ఆక్సిజన్ కాదు. వడకట్టి సుమారు 200 బార్‌ల పీడనానికి, అంటే మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి దాదాపు 200 రెట్లకు, కుదించిన మామూలు గాలి. సముద్రంలో ప్రతి పది మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం అదనంగా చేరుతుంది, అంటే పది మీటర్ల దగ్గర పీడనం ఒడ్డున ఉన్నదానికి రెట్టింపు. నోట్లో పెట్టుకునే రెగ్యులేటర్ చుట్టూ ఉన్న నీటి పీడనానికి సమానంగా గాలిని అందిస్తుంది కాబట్టి, అక్కడ ఒక్క శ్వాసలో రెండింతల గాలి లోపలికి పోతుంది. అందువల్ల ఒడ్డున రెండు గంటలు వచ్చే సిలిండర్ ఆ లోతులో గంటే వస్తుంది. కంగారుపడి రొప్పేవారికి అరగంట కూడా రాదు. అదే లోతులో నిండా గాలి పీల్చుకుని, ఊపిరి బిగబట్టి పైకి వచ్చారనుకోండి, ఆ గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులను చీల్చగలదు. అందుకే డైవింగ్‌లో మొదటి నియమం, ఏ పరిస్థితిలోనూ ఊపిరి బిగబట్టకూడదు. మన చెరువు ఈతగాళ్లకు మునగగానే ఊపిరి బిగబట్టడం అలవాటు గనుక, ఈత వచ్చినవాళ్లే ఈ విషయంలో మొదట ఎక్కువ తడబడతారు.

ఇంకొక చిన్న సంగతి. మీకు మీసాలుంటే మాస్కు పై పెదవి దగ్గర సరిగా అతుక్కోక నీళ్లు కారతాయి. కాస్త వాజెలిన్ రాస్తే చాలావరకు ఆగుతుంది. అయినా నీళ్లు చేరితే తల కొద్దిగా పైకెత్తి, మాస్కు పై అంచును నుదుటికి నొక్కి, ముక్కుతో గట్టిగా గాలి వదలాలి. ఆ గాలి నీటిని కింది అంచు నుంచి బయటికి తోస్తుంది. ఈ ఒక్క పనీ నడుములోతు నీటిలో విసుగు లేకుండా పదేపదే చేసి చూసుకున్నవాళ్లు లోపల చేపలను చూస్తారు. చేయనివాళ్లు తమ మాస్కునే చూసుకుంటారు.

డైవింగ్ సంస్థను ఎంచుకునేటప్పుడు, శిక్షకుడి ధ్రువపత్రం ఏ సంస్థదో, ఒక్కొక్కరికీ ఒక్కొక్క శిక్షకుడు ఉంటాడో లేదో, పడవలో అత్యవసర ఆక్సిజన్ ఉన్నదో లేదో అడగండి. ఒకచోట నాకు ఆరోగ్య ప్రశ్నావళి ఇచ్చి, "అన్నింటికీ లేదు అని పెట్టేయండి సార్, టైము అయిపోతోంది" అన్నారు. నేను అక్కడి నుంచి లేచి వచ్చేశాను. ఆ కాగితాన్ని ఎవరు ఎంత శ్రద్ధగా చదువుతారో చూస్తే, మిగిలిన పనులు ఎలా చేస్తారో అక్కడే తెలిసిపోతుంది.

మూడు దీవులు తిరగడం మానుకుని, స్వరాజ్ ద్వీపంలోనే కనీసం మూడు రాత్రులు ఉండండి. తీరం నుంచి నడిచి దిగగలిగే నీమో రీఫ్ వంటి చోట మొదటి డైవ్ చేయండి. అది బాగా కుదిరితే మర్నాడు పడవ మీద లైట్‌హౌస్ వంటి చోటికి వెళ్లండి. డిక్సన్స్ పినకిల్, జానీస్ గార్జ్ అనే పేర్లు విని ఆశపడకండి. అవి లోతైన చోట్లు, అనుభవం, ధ్రువపత్రం ఉన్నవాళ్లకు ఉద్దేశించినవి.

రాయగడ డాక్టరు

పై సమాధానం చాలావరకు సరిగా ఉంది. వైద్యపరమైన మూడు అంశాలు మాత్రం చెబుతాను.

ఆయాసం ఉన్నవారి విషయంలో మొహమాటం పనికిరాదు. శ్వాసనాళాలు కుంచించుకుపోయినప్పుడు ఊపిరితిత్తుల్లో కొన్ని భాగాల్లో గాలి చిక్కుకుపోతుంది. పైకి వచ్చేటప్పుడు ఆ గాలి బయటికి దారి లేక వ్యాకోచిస్తుంది. దానికి తోడు సిలిండర్‌లోని పొడిగాలి, ఉప్పునీటి తుంపర, శారీరక శ్రమ, ఈ మూడూ ఆయాసాన్ని రెచ్చగొట్టగలవు. ఆయాసం ఉన్నవారందరికీ డైవింగ్ శాశ్వతంగా నిషిద్ధమని నేను అనను, కానీ బరంపురంలోనే ఊపిరితిత్తుల నిపుణుడిని కలిసి, స్పైరోమెట్రీ (ఊపిరి ఊదించి చేసే ఊపిరితిత్తుల పరీక్ష) చేయించి, ఆయన లిఖితపూర్వకంగా అనుమతిస్తేనే ఆలోచించాలి. ప్రశ్నావళిలో ఆ విషయం దాచిపెట్టడం చాలా ప్రమాదం. మీ ఇంటావిడకు నా సలహా స్నార్కెలింగ్: లైఫ్ జాకెట్ వేసుకుని, గైడు పక్కన ఉండగా, ఇన్‌హేలర్ పడవలోనే ఉంచుకుని నీటిపై తేలుతూ చూడటం. రెండు మూడు మీటర్ల లోతులో ఉన్న పగడాలు పైనుంచి ఎంతో స్పష్టంగా కనిపిస్తాయి. అయితే అప్పుడు ఆయాసం లేకుండా ఉంటేనే దిగాలి.

రెండోది చెవులు. ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊది చెవుల్లో ఒత్తిడిని సరిచేసుకునే పనిని, నొప్పి మొదలైన తరువాత కాకుండా, దిగడం మొదలుపెట్టినప్పటి నుంచి ప్రతి మీటరుకూ చేయాలి. నొప్పి వస్తే ఆగి, కొంచెం పైకి వచ్చి, మళ్లీ ప్రయత్నించాలి. జలుబు ఉన్న రోజు దిగకూడదు. ముక్కు చుక్కలు వేసుకుని దిగితే, లోపల ఉండగా మందు ప్రభావం తగ్గిపోయి పైకి వచ్చేటప్పుడు ఇబ్బంది వస్తుంది. కర్ణభేరికి రంధ్రం ఉన్నవారు, చెవికి శస్త్రచికిత్స అయినవారు, గర్భిణులు ఈ ప్రయత్నమే చేయరాదు.

మూడోది విమానం. పీడనంలో శరీరం పీల్చుకున్న నత్రజని నెమ్మదిగా బయటికి పోవాలి. విమానంలో పీడనం తక్కువ కావడంతో అది రక్తంలో, కణజాలంలో బుడగలుగా మారే అవకాశం ఉంది. అంగీకృతమైన మార్గదర్శకం ప్రకారం, ఒక్క డైవ్ చేసినవారు కనీసం 12 గంటలు, ఒకటికి మించి చేసినవారు కనీసం 18 గంటలు ఆగిన తరువాతే విమానం ఎక్కాలి. నేనైతే ఒక పూర్తి రోజు ఖాళీ ఉంచమని చెబుతాను. సెల్యులర్ జైలు, మ్యూజియములు ఆ రోజున చూడవచ్చును.

ఛత్రపురం అధ్యాపకురాలు

మాస్టారుగారూ, మీ విద్యార్థులు అడిగిన ప్రశ్న నాకు చాలా నచ్చింది. జంతుశాస్త్రం చెప్పేదాన్ని గనుక దానికి సమాధానం నేను రాస్తాను.

పగడం ఒక జంతువు. కానీ దిబ్బలు కట్టే పగడాల కణజాలం లోపల సూక్ష్మ శైవలాలు (కంటికి కనిపించనంత చిన్న నాచు) కాపురముంటాయి. అవి సూర్యకాంతితో ఆహారం తయారుచేసి, అందులో ఎక్కువ భాగాన్ని పగడానికి ఇస్తాయి. అందువల్ల పగడపు దిబ్బకు మొదట కావలసినది నీటిలోకి దిగే వెలుతురు. దానితోపాటు మార్పులేని ఉప్పదనం, సుమారు 23 నుంచి 29 డిగ్రీల వెచ్చదనం, అంటుకుని పెరగడానికి గట్టి నేల ఉండాలి. ఇప్పుడు మన తీరం చూడండి. ఋషికుల్య, మహానది, ఇంకా ఉత్తరాన గంగ, వర్షాకాలంలో ఒండ్రును, మంచినీటిని బంగాళాఖాతంలో కుమ్మరిస్తాయి. గోపాలపురం అడుగంతా ఇసుక. ఆ ఇసుక కూడా ఒకచోట నిలవదు, అలల తోపుడుకు ఏడాదిలో ఎక్కువ కాలం ఒడ్డు వెంట ఉత్తరంగా కదులుతూనే ఉంటుంది. పగడపు లార్వా (నీటిలో తేలే పిల్ల) వచ్చినా అంటుకునేందుకు రాయి లేదు. అంటుకున్నా బురద కప్పేస్తుంది. అండమాన్ దీవులు పెద్ద నదుల ముఖద్వారాలకు దూరంగా, రాతి అంచులతో, లోతైన స్వచ్ఛమైన నీటి మధ్యలో ఉన్నాయి. సముద్రం ఒకటే అయినా, పగడానికి కావలసిన పరిస్థితులు ఇక్కడ లేవు. దీనివల్ల మన తీరం పేదదని పిల్లలు అనుకోకూడదు సుమండీ. 2025 ఫిబ్రవరిలో ఋషికుల్య ముఖద్వారం దగ్గర దాదాపు ఏడు లక్షల ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టాయి. వాటికి కావలసినది ఈ ఇసుకే.

మీరు లోపల ఏం చూడాలో కూడా చెబుతాను, ఎందుకంటే చాలామంది వెళ్లి "రంగురంగుల చేపలు" అనే రెండు మాటలతో తిరిగివస్తారు. ఆనిమోన్ అనే పువ్వులాంటి సముద్రజీవి చేతుల మధ్య తిరిగే క్లౌన్ చేపలను చూస్తే, వాటిలో అన్నిటికన్నా పెద్దది ఆడది అని గుర్తుపెట్టుకోండి. అది చనిపోతే, దాని తరువాతి స్థానంలో ఉన్న మగ చేప ఆడదిగా మారుతుంది. ఒక్క క్షణం కదలకుండా ఉంటే కరకరమని చప్పుడు వినిపిస్తుంది. అది చిలుక చేప పగడాన్ని కొరుకుతున్న చప్పుడు. ముక్కులా కలిసిపోయిన పళ్లతో అది పగడంపై ఉన్న శైవలాన్ని గీకి తింటూ, సున్నపు పదార్థాన్ని పొడిచేసి ఇసుకగా విసర్జిస్తుంది. మీరు నడిచే ఆ తెల్లని బీచ్‌లో కొంత భాగం వాటి పుణ్యమే. గుండ్రాయి లాంటి పగడంపై చిన్న చిన్న రంగు విసనకర్రలు జంటలుగా కనిపిస్తే మెల్లగా చేయి ఆడించండి. నీడ పడీ పడకముందే అవి రంధ్రాల్లోకి మాయమవుతాయి. అవి పురుగులు, క్రిస్మస్ ట్రీ వర్మ్ అంటారు. ఇంకొకచోట పెద్ద చేప ఒకటి నోరు తెరచి నిలబడి ఉంటే, ఒక సన్నని నీలి చేప దాని మొప్పల్లోకి దూరి పరాన్నజీవులను ఏరుకు తింటూ ఉంటుంది. అయిదు చోట్లకు పరుగెత్తేవాళ్లకు ఇవేవీ కనబడవు. ఒకే బండ దగ్గర పది నిమిషాలు ఉన్నవాళ్లకు అన్నీ కనబడతాయి.

అక్కడ అందమైనదంతా ఆరోగ్యంగా ఉందని మాత్రం అనుకోకండి. నీరు మామూలుకన్నా వేడెక్కినప్పుడు పగడం తన శైవలాలను వెళ్లగొట్టి తెల్లబడుతుంది; ఆ వేడి వారాల తరబడి ఉంటే చనిపోతుంది. 1998లోనూ 2010లోనూ అండమాన్ పగడాలు ఇలా దెబ్బతిన్నాయి. 2024లో ప్రపంచమంతటా నాలుగోసారి ఈ ఉపద్రవం నడుస్తున్నదని శాస్త్రజ్ఞులు ప్రకటించారు. 2004 డిసెంబరు భూకంపంలో ఉత్తర అండమాన్‌లో నేల పైకి లేచి, నీటి కింద ఉండవలసిన దిబ్బలు గాలికి తేలి ఎండిపోయాయి. గుండ్రటి బండ పగడం ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే పెరుగుతుంది కనుక, మీరు కాలికి తొడుక్కునే ఫిన్ తగిలి విరిగే ముక్క మీ అమ్మాయి వయసు కన్నా పాతది కావచ్చు. పగడం మీద నిలబడవద్దు, చేతితో పట్టుకోవద్దు. ఒడ్డున ఏరిన చచ్చిన పగడం ముక్కను కూడా సంచిలో పెట్టుకోకండి. పగడాలు, సముద్రపు దోసకాయలు, సముద్రపు గుర్రాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నాయి, విమానాశ్రయంలో సామాను తనిఖీలో పట్టుబడతారు.

లక్షద్వీప్ సంగతి: అవి పగడమే పెరిగి కట్టిన వలయాకారపు దీవులు, ఆ వలయం లోపలి లాగూన్, అంటే లోతు తక్కువ సముద్రపు నీరు, ఎంతో నిశ్చలంగా ఉంటుంది. చూడదగినవే. కానీ అక్కడికి ముందుగా ప్రవేశానుమతి తీసుకోవాలి, ఎక్కువమంది కొచ్చి మీదుగా వెళ్తారు. మీ కుటుంబానికి, మీ సెలవులకు అండమానే సుఖం.

గోపాలపురం తీరవాసి

మాస్టారూ, మాది వేటకు వెళ్లే కుటుంబం. మా బంధువులు కొందరు పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడ్డారు. ఆ ఊరికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ, టికెట్ల దగ్గర రెండు పేర్లూ వినిపిస్తాయి, కంగారుపడకండి. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లిన తెలుగువాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు, భాష ఇబ్బంది ఉండదు.

విశాఖపట్నం నుంచి ఓడ ఉన్న మాట నిజమే, కానీ అది నెలకు సుమారు ఒక్కసారి, ప్రయాణం రెండు రోజులకు పైనే. మీ అత్తగారితో, లెక్కపెట్టిన సెలవులతో వెళ్లేటప్పుడు దాన్ని నమ్ముకోకండి. భువనేశ్వర్ వరకు రైలులో వెళ్లి, కోల్‌కతా మీదుగా విమానంలో వెళ్లడం మేలు. పోర్ట్ బ్లెయిర్ నుంచి స్వరాజ్ ద్వీపానికి ప్రైవేటు పడవలు, ప్రభుత్వ పడవలు ఉన్నాయి. ఫిబ్రవరిలో రద్దీ కనుక వాటి టికెట్లు విమానం టికెట్లతోపాటే తీసుకోండి. ఆ నెలలో సముద్రం సాధారణంగా నెమ్మదిగా ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు అటువైపు చూడవద్దు.

పడవలో వాంతులు ఆపే మాత్రలు కొన్ని మగత తెస్తాయి. వాటిని డైవింగ్ రోజున వేసుకోవచ్చో లేదో డాక్టరుగారిని అడగండి. రాళ్ల మధ్య చెప్పులు లేకుండా నడవకండి. స్టోన్ ఫిష్ రాయిలాగే కదలకుండా పడుంటుంది, దాని వీపు ముళ్లలో విషం ఉంటుంది. గుచ్చుకుంటే, కాలకుండా తట్టుకోగలిగినంత వేడినీటిలో కాలు ఉంచుతూ వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పసరులు, కట్లు అని ఆలస్యం చేయకూడదు. ఇంకొక మాట, కొన్ని బీచ్‌లలో ఉప్పునీటి మొసళ్ల గురించి హెచ్చరిక బోర్డులు ఉంటాయి. మన వాళ్లు ఆ బోర్డు పక్కనే నిలబడి ఫొటో దిగి నీళ్లలోకి దిగుతారు. అలా చేయకండి.

మీ అత్తగారికి అడుగున అద్దం బిగించిన పడవలు ఉన్నాయి. బట్ట తడవకుండా పగడాలు చూడవచ్చు.

బరంపురం మాస్టారు

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఏజెంటుకు ఆ ప్యాకేజీ వద్దని చెప్పేశాను. స్వరాజ్ ద్వీపంలో నాలుగు రాత్రులు, ఆ తరువాత పోర్ట్ బ్లెయిర్‌లో ఒక పూర్తి రోజు ఉండేలా మేమే ఏర్పాటు చేసుకుంటాము. నా భార్య స్నార్కెలింగ్‌కు ఒప్పుకుంది, అదీ ఊపిరితిత్తుల నిపుణుడిని కలిసిన తరువాతే. ఒక్క విషయం మిగిలింది. మా అమ్మాయికి దూరపు చూపు సరిగా లేక కళ్లద్దాలు వాడుతుంది. మాస్కు లోపల కళ్లద్దాలు పట్టవు కదా, మరి అంతదూరం వెళ్లి ఆమె ఏం చూస్తుంది?

పర్లాకిమిడి వాసి

పట్టవు మాస్టారూ, కళ్లద్దాల కాడలు మాస్కు అంచు కిందికి వస్తే నీళ్లు లోపలికి వస్తాయి. పవర్ ఉన్న అద్దాలు బిగించిన మాస్కులు కొన్ని డైవింగ్ కేంద్రాల దగ్గర ఉంటాయి. చీటీలోని నంబరు ముందుగా పంపి, ఆ పవర్‌ది, పిల్లల ముఖానికి సరిపోయే కొలతలో, ఉందో లేదో కనుక్కోండి. నీటిలో వస్తువులు ఉన్నదానికన్నా కొంచెం పెద్దగా, దగ్గరగా కనిపిస్తాయి కాబట్టి నంబరు అర పాయింటు అటూ ఇటూ అయినా ఇబ్బంది ఉండదు. దొరకదని చెబితే, ఆన్‌లైన్‌లో దొరికే పవర్ మాస్కు ఒకటి కొని, ముక్కుతో గాలి పీల్చినప్పుడు పట్టీ లేకుండానే ముఖానికి అతుక్కుంటున్నదో లేదో ఇంట్లోనే చూసుకోండి. కొత్త మాస్కు అద్దానికి తయారీలో అంటుకున్న జిడ్డు పొర ఉంటుంది. టూత్‌పేస్టుతో రెండు మూడుసార్లు రుద్ది కడగకపోతే లోపల ఆవిరి పట్టి ఏమీ కనిపించదు.